కమాను మీద మా తమ్ముడి పేరు

చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారు. మా తమ్ముడు పోయాక మా కాలనీ వాళ్ళు చారెడుతో ఆగలేదు. వాడి ముఖాన్ని రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ చేసి కర్మన్‌ఘాట్ వెళ్ళే రోడ్డు మీద కరెంటు స్తంభాలకు కట్టారు. ముఖం ఒక్కటే వాడిది, ఒళ్ళు వేరేవాడిది. మేం ఇచ్చింది వాడు పెళ్ళిలో సూటు వేసుకున్న ఫొటో. సూటులో దేశభక్తి కనపడదని కాబోలు, ఆ తలను తీసుకొచ్చి తుపాకీ పట్టుకున్న ఎవరో సిపాయి మెడ మీద అతికించారు. వెనకాల యుద్ధ విమానం, దాని కింద మంటలు. ఒక మూల కాలనీ సంఘం అధ్యక్షుడు నమస్కారం పెడుతూ, ఇంకో మూల మా ప్రాంతపు నాయకుడు చెయ్యి ఊపుతూ ఉన్నారు. వాళ్ళిద్దరి తలలూ మాత్రం ఎవరి ఒంటి మీద వాళ్ళకే ఉన్నాయి.

‘శత్రువుల తూటాలకు నేలకొరిగిన వీర జవాన్’ అని రాశారు కింద. ఆ వాక్యంలో ‘వీర’ తప్ప మిగతాదంతా అబద్ధం. మా తమ్ముడు జవాన్ కాదు, వాయుసేనలో ఆఫీసరు. నడిపింది యుద్ధ విమానం కాదు, హెలికాప్టర్. వాడికి శత్రువులెవరూ లేరు, తూటా తగల్లేదు. శాంతి సేన తరఫున ఆఫ్రికాలో ఒక దేశానికి పంపితే వెళ్ళాడు. వానలకు రోడ్లు కొట్టుకుపోయిన ఊళ్ళలో మందులూ బియ్యమూ దించడం, జబ్బుపడ్డవాళ్ళనూ కాన్పు కష్టమైన ఆడవాళ్ళనూ ఎక్కించుకుని ఆస్పత్రి ఉన్న పట్నానికి చేర్చడం అక్కడ వాడి పని. “అక్కా, ఇవాళ ఒకావిడ గాల్లోనే కనేసింది. పుట్టినవాడికి ఏ ఊరని రాస్తారో పాపం” అన్నాడు ఒకసారి ఫోన్లో. ఇంకోసారి అలాగే రోగుల్ని తేవడానికి వెళ్తుంటే దుమ్ము తుఫాను కమ్మింది. దారి కానరాక హెలికాప్టర్ గుట్టను ఢీకొంది. అంతే జరిగింది. ఎవరూ చంపలేదు.

ఈ సంగతి చెప్తే మా కాలనీ వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. పరామర్శకు వచ్చిన ఒకాయన “అయ్యో, ఏక్సిడెంటేనా” అన్నాడు. ఎల్.బి.నగర్ రింగ్ రోడ్డు దగ్గర రోజూ లారీల కింద పడేవాళ్ళ లెక్కలోకి మా వాణ్ణి కూడా వేసేసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. వీళ్ళకు చావుకు కూడా ఒక హోదా ఉండాలి. అవతల ఒక శత్రువు లేకపోతే కన్నీళ్ళు రావు. అందుకే వాళ్ళే ఒక శత్రువును తయారుచేసుకుని ఫ్లెక్సీ మీద మంటలు పెట్టుకున్నారు.

వాడు బతికుండగా వీళ్ళకు వాడు ఏం చేస్తాడో కూడా అర్థం కాలేదు. మా అమ్మానాన్నలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, నేను పుట్టకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగారు. తర్వాత కర్మన్‌ఘాట్ వైపు ఈ కాలనీలో ఫ్లాటు కొన్నారు. కింది ఫ్లాటులో నేనుంటాను. కొత్తగా దిగిన రోజుల్లో తమ్ముడు సెలవు మీద వచ్చాడు. గేటు దగ్గర సంఘం అధ్యక్షుడు పట్టుకున్నాడు. ఆయనా మా వైపువాడే, ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పక్కన నాయకుడు ఉన్నాడు. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ళ పొలమేనట. ఆ పొలాలు ప్లాట్లు చేసి అమ్మాక ఆయన నాయకుడయ్యాడు.

“ఏం చేస్తుంటారు బాబూ?” అన్నాడు అధ్యక్షుడు.

“పైలట్‌నండి” అన్నాడు తమ్ముడు.

మన దగ్గర ఆ మాటకు తిప్పలున్నాయి. అంబులెన్స్ నడిపేవాణ్ణీ పైలట్ అంటారు. మంత్రి కారు ముందు కూతలు పెట్టుకుంటూ పోయే బండినీ పైలట్ అంటారు. అధ్యక్షుడు జాలిగా చూసి “అంబులెన్సాండీ? నైట్ డ్యూటీలు ఎక్కువుంటాయేమో” అన్నాడు.

నాయకుడు తల అడ్డంగా ఊపాడు. “కాదన్నా. పర్సనాలిటీ జూస్తే మినిస్టర్ కాడ పైలట్ లెక్కున్నడు. ఏ మినిస్టర్ తమ్మీ?”

మా తమ్ముడికి నవ్వడం తప్ప కోప్పడడం చేతకాదు. ఆ కోపమంతా నా వాటాకు వచ్చింది. “అంబులెన్సేనండి. కాకపోతే గాల్లో తిరుగుద్ది” అన్నాడు. వాళ్ళకేం అర్థమైందో ఏమో, ఆ సాయంత్రం అధ్యక్షుడు మా నాన్నతో “ఈ రోజుల్లో ఏ పనైనా పనేనండీ, చిన్నతనం ఏముంది” అని ఓదార్చి వెళ్ళాడు. నాన్న నాకు చెప్పి చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక వాడు చదివిన కోచింగ్ సెంటర్ సంగతి. పేరెందుకు లెండి, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద నిలబడి ఏ వైపు రాయి విసిరినా ఒక కోచింగ్ సెంటర్‌కే తగులుతుంది. అక్కడ పిల్లల్ని మార్కుల్నిబట్టి సెక్షన్లుగా విడగొట్టేవారు. మా వాడు చివరి సెక్షన్లో ఉండేవాడు. ఆ సెక్షన్‌కు ఫ్యాను కూడా లేదు. “వీడికి లెక్కలు రావు, వేరే లైను చూసుకోండి” అని నాన్నను పిలిచి మరీ చెప్పారు. వాడు వేరే లైనే చూసుకున్నాడు, సైన్యంలో చేర్చుకునే పరీక్ష రాసి వెళ్ళిపోయాడు. వాడు పోయిన వారానికి ఆ సెంటర్ హోర్డింగ్ మీద, ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాల మధ్యలో, మా వాడి ముఖం ప్రత్యక్షమైంది. ‘మా ముద్దుబిడ్డ’ అట. సిగ్గులేకపోతే సరి. నేను అదే వీధిలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. ఆ హోర్డింగ్ తీసేదాకా నెల రోజులు చుట్టు తిరిగి కాలేజీకి వెళ్ళాను.

వీటన్నిటికీ నాకు ఒళ్ళు మండింది గానీ గుండె మండలేదు. బయటివాళ్ళు, వాళ్ళ బుద్ధి అంతేలే అనుకున్నాను. గుండె మండింది మా మరదలి విషయంలో.

మా మరదలు డాక్టరు. ఎల్.బి.నగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు. తమ్ముడు ఆఫ్రికా వెళ్ళినప్పుడు అత్తమామలకు తోడుంటానని ఇక్కడికి వచ్చేసింది, వాడు పోయాక ఇక్కడే ఉండిపోయింది. మితభాషి. తమ్ముడి శవపేటిక వచ్చిన రోజు కాలనీ అంతా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తుంటే, అందరికీ మంచినీళ్ళు అందాయో లేదో చూసింది. పదకొండో రోజున మా బంధువుల్లో కొందరు పెద్ద ముత్తైదువలు, వాళ్ళకు తోడు కొందరు పెద్ద విధవలు, గాజులు తీయించే కార్యక్రమానికి తయారై వచ్చారు. మా మరదలు వాళ్ళందరికీ దణ్ణం పెట్టి “నాకు అక్కర్లేదండీ” అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత ఎప్పటిలాగే చిన్న బొట్టు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. ఆ ముసలమ్మలు మా ఇంట్లో గారెలు తిని, మా మరదల్ని తిట్టుకుంటూ వెళ్ళారు.

మా అమ్మ ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు. గాజులు ఉంచమనీ అనలేదు, తియ్యమనీ అనలేదు. కానీ నేను గమనించాను. గుడికో, పేరంటానికో వెళ్ళేటప్పుడు అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో ఆగేది. మా మరదలు హాల్లో ఉంటే, లోపలికి వెళ్ళేదాకా ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడేది. ఎదురు రాకూడదని. మా మరదలికి అది తెలుసు. అమ్మ పట్టుచీర కడుతుంటే తనే బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పేది. ఇద్దరూ ఈ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. చూసిన నాకు మాత్రం అమ్మ మీద అసహ్యం వేసేది. కన్నతల్లి మీద అసహ్యం ఏమిటని మీరనచ్చు. వేసింది, ఏం చేయను.

సంవత్సరీకాలు అయ్యాక కమాను కబురు వచ్చింది. కాలనీ మొదట్లో రోడ్డుకు అడ్డంగా సిమెంటు కమాను కట్టి దానికి తమ్ముడి పేరు పెడతారట. చుట్టుపక్కల కాలనీలన్నిటికీ కమాన్లున్నాయి, మాకు లేదని వీళ్ళకు ఎప్పటి నుంచో నామోషీ. ఎవరి పేరు పెట్టాలో తేలక ఆగింది. అధ్యక్షుడి వర్గం ఒక పేరంటే నాయకుడి వర్గం ఇంకో పేరంది. మా వాడు చనిపోయి వాళ్ళ తగాదా తీర్చాడు. పుణ్యాత్ముడు, పోయి కూడా శాంతి సేన పనే చేశాడు.

కట్టడం పూర్తయ్యాక ఒక ఆదివారం అధ్యక్షుడూ నాయకుడూ ఇంటికి వచ్చారు. అమ్మా నాన్నా నేనూ హాల్లో ఉన్నాం. మా మరదలు లోపలి గదిలో ఉంది. అధ్యక్షుడు కుర్చీ అంచున కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“అమ్మగారూ, వచ్చే గురువారం ఉదయం ఎనిమిదింటికి ముహూర్తం. పంతులుగారు చాలా మంచి ఘడియ అన్నారు. కొబ్బరికాయ, హారతి, రిబ్బను... అవన్నీ ముత్తైదువ చేతుల మీదుగా జరగాలి కదండీ. తమరు కన్నతల్లి, పైగా...” అని మా నాన్న వైపు చూశాడు, మనిషి బతికే ఉన్నాడా లేదా సరిచూసుకుంటున్నట్టు.

“మా మరదలు ఉంది కదండీ. మీరు పెడుతున్నది ఆవిడ భర్త పేరు. ఆవిడ కత్తిరిస్తుంది రిబ్బను” అన్నాను.

“డాక్టరమ్మగారంటే మాకెంతో గౌరవమండీ. అందుకేగా ఆవిడకు సన్మానం వేరేగా పెట్టాం. ఇదంతా అయిపోయాక, ఒక్క అరగంట ఆగి వస్తే స్టేజీ మీద శాలువా కప్పుతాం. ముందు మాత్రం... మీకు తెలియంది కాదు. సెంటిమెంట్.”

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఈ మాట మీద నాకొక కక్ష ఉంది. ఇంగ్లీషువాడు మనసులోని మెత్తదనానికి ఆ మాట పెట్టుకున్నాడు. మనవాళ్ళు దాన్ని ఓడలోంచి దింపుకుని, పిల్లి ఎదురైతే సెంటిమెంట్, తుమ్మితే సెంటిమెంట్, మంగళవారం సెంటిమెంట్ అన్నారు. మూఢనమ్మకం అంటే సిగ్గేస్తుంది. సెంటిమెంట్ అంటే ప్యాంటూ చొక్కా వేసుకున్నట్టుంటుంది. ఎంత నీచమైన పనికైనా ఆ మాట తొడిగితే ఇంగ్లీషు చదువుకున్నట్టు కనపడుతుంది.

“ఏం సెంటిమెంటండీ?” అన్నాను, విడమరిచి చెప్పించాలని.

నాయకుడు అందుకున్నాడు. “గిది మా సొంత సెంటిమెంట్ కాదక్కా, కాలనోళ్లది. కమాన్ కిందికెల్లి పెండ్లి బరాత్‌లు పోతయి. కొత్త కోడండ్లు ఒస్తరు. మొదలే గట్ల అయిందని రేపు ఎవలకన్న ఏమన్న అయితే మాట మా మీదికొస్తది. జర సమజ్ చేస్కోండ్రి.”

“అంటే చచ్చిపోయినవాడి పేరేమో శుభం, వాడి పెళ్ళాం ముఖం అశుభం. అంతేనా?”

“అలా అనకండమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు” అన్నాడు అధ్యక్షుడు. మా కాలనీలో ఎవరి నోరైనా మూయించాలంటే ఈ మాటే అంటారు.

అప్పుడే మా మరదలు గదిలోంచి బయటికి వచ్చింది. మా మాటలన్నీ వినే ఉంటుంది, మధ్యలో ఉన్నది ఒక్క గుడ్డ పరదా. అధ్యక్షుడు తడబడి లేచాడు. లేచి, ఏం చేశాడనుకున్నారు? చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. “డాక్టరమ్మగారూ, ఎలాగూ వచ్చాను కాబట్టి... ఈ షుగర్ రిపోర్టు కొంచెం చూసి పెడతారా?”

ఆవిడ చూసింది. “రాత్రి పూట అన్నం తగ్గించండి. మాత్ర మానకండి” అని కాగితం తిరిగి ఇచ్చింది. కాలనీలో సగం మందికి బీపీ చూసేది ఆవిడే. పిల్లలకు జ్వరమొస్తే తెల్లారకముందే తలుపు కొట్టేది మా ఇంటికే. ముఖం చూస్తే అశుభం, చెయ్యి పడితే ఆరోగ్యం. ఇలాంటి లెక్క ఏ కోచింగ్ సెంటర్లోనూ నేర్పరు.

ఇంతకీ అమ్మ ఏమందనుకుంటున్నారు? “సరేనండీ, వస్తాను” అంది.

వాళ్ళు వెళ్ళాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. “నీకు సిగ్గుగా లేదూ? ఇంట్లో కోడల్ని దాచిపెట్టి నువ్వు వెళ్ళి రిబ్బను కత్తిరిస్తావా?”

అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నా ముఖం చూడకుండా మాట్లాడింది. “వాడు వెళ్ళిన రోజున నేను వారమూ వర్జ్యమూ చూడలేదే. దేశం పనికి పోతున్నాడు, వీటిని చూస్తే నవ్వుతాడని ఊరుకున్నాను. ఏమైందో చూశావుగా. మనిషి ఎలాగూ లేడు. పేరైనా నాలుగు కాలాలు నిలబడాలి కదా. ఈ ఒక్కదానికీ మంచి ఘడియ చూసుకోనివ్వు.”

అది విన్నా నా కోపం తగ్గలేదు. కొడుకు పోయిన తల్లితో వాదించలేక, ఆ కోపాన్ని మా మరదలి మీదికి తిప్పాను. నువ్వెందుకు నోరు మెదపలేదన్నాను. ఆవిడ అమ్మ వైపు తిరిగి “వెళ్ళండత్తయ్యా. నాకు బుధవారం నైట్ డ్యూటీ. తొమ్మిది దాటితే గానీ రాను, అప్పటికి అయిపోతుంది” అంది. తర్వాత మెట్ల దగ్గర నాతో “గొడవ పడకండి వదినా. వాళ్ళతో కొట్లాడి గెలిస్తే మాత్రం ఏమొస్తుంది, ఆ రిబ్బనే కదా” అంది.

మా తమ్ముడు కూడా ఇలాగే మాట్లాడేవాడు. ఇద్దరూ ఇద్దరే. లోకంలో నోరున్నది నాకొక్కదానికేనేమో అనిపించింది.

గురువారం పొద్దున్నే షామియానా వేశారు. స్పీకర్లలో దేశభక్తి పాటలు మోగుతున్నాయి. పక్కన ఇడ్లీ, వడ, రెండు రకాల చట్నీ. కమానును అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. ఎడమ స్తంభం మీద నాయకుడి తండ్రి పేరు, కుడి స్తంభం మీద సంఘం కార్యవర్గం పేర్లు, పైన మధ్యలో మా తమ్ముడి పేరు. వాడి పేరు కంటే దాని కింద ‘సౌజన్యం’ అన్న మాట పక్కన నాయకుడి పేరు లావుగా ఉంది. వాడి పేరు ముందు ‘కీ.శే.’ పెట్టడం మర్చిపోలేదు. ర్యాంకు పెట్టడం మర్చిపోయారు.

ఎనిమిదయింది, నాయకుడు రాలేదు. “అన్న బడంగ్‌పేట్ కాడ ఇంకో ప్రోగ్రాంల ఉన్నడు” అన్నారు. కాసేపటికి “బయలుదేరిండు” అన్నారు. ఇంకాసేపటికి “సిగ్నల్ కాడ ఉన్నడు” అన్నారు. పంతులు గారు గడియారం చూసుకోవడం మానేసి ఇడ్లీ తిన్నారు. ముహూర్తం దాటిపోయిందేమోనని అమ్మ అడిగితే “ఘడియ ఇంకా ఉందమ్మా, పరవాలేదు” అన్నారు. నాయకుడు వచ్చేదాకా కదలని ఘడియను నేను అదే చూడడం. డాక్టరమ్మ వస్తే మాత్రం పరుగెత్తి పారిపోతుంది కాబోలు.

తొమ్మిది దాటాక ఆయన వచ్చాడు, భార్యతో సహా. ఇక హడావుడి మొదలైంది. అమ్మను కమాను ముందు నిలబెట్టారు. పట్టుచీర, చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో పువ్వులూ హారతీ కత్తెరా. నాన్న ఆమె వెనక నిలబడ్డాడు. ఎర్ర రిబ్బను ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి కట్టి ఉంది. పంతులు గారు మంత్రం అందుకున్నారు. అప్పుడే మెయిన్ రోడ్డు వైపు నుంచి మా మరదలి స్కూటీ వచ్చింది.

నైట్ డ్యూటీ అయిపోయింది, ఇంటికి వస్తోంది. అంతే. అంతకు మించి ఆవిడ మనసులో ఏమీ లేదని నేను ఒట్టేసి చెప్పగలను. వాళ్ళు వేళకు కానిచ్చుకుని ఉంటే అప్పటికి అక్కడ ఖాళీ కుర్చీలుండేవి. జనం ఆవిణ్ణి చూసి పక్కకు తప్పుకున్నారు, దారి ఇవ్వడానికి కాదు. నాయకుడి మనిషి ఒకడు ఎదురుగా వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

“మేడం, జర నాలా పక్క గల్లీల నుంచి పోండ్రి. ఈడ ప్రోగ్రాం నడుస్తున్నది.”

ఆవిడ స్కూటీ ఆపి హెల్మెట్ తీసింది. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాలా పక్క గల్లీ అంటే మురుగు కాలవ గట్టు. వానలకు అక్కడ మనిషే జారిపడతాడు. ఆవిడ అటు చూసింది, తర్వాత తలెత్తి పైన పేరు చూసింది. కట్టినప్పటి నుంచీ ఆ కమాను కింద నుంచే రోజూ వెళ్తోంది గానీ, పేరు ముందు రోజు దాకా గోనెపట్టాలతో మూసి ఉంది.

“మా ఇంటికి ఇదే దారండీ” అంది.

స్కూటీ స్టాండు వేసి, స్తంభం దగ్గరికి నడిచి, రిబ్బను ముడి విప్పింది. తెంచలేదు, తోసెయ్యలేదు. నింపాదిగా విప్పింది. స్కూటీని అవతలికి నడిపించుకుని వెళ్ళి నిలబెట్టి, వెనక్కి వచ్చి, రిబ్బను సాగదీసి మళ్ళీ స్తంభానికి ముడి వేసింది. రోజూ కట్లు కట్టే చేతులు కాబట్టి మొదటి ముడి కంటే బాగా వచ్చింది.

“ఇప్పుడు కత్తిరించుకోండి” అని అధ్యక్షుడితో చెప్పి, స్కూటీ ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

నేను అరిచి ఉండాల్సింది. అరవాల్సిన వేళ నాకే నోరు పెగల్లేదు. అధ్యక్షుడు పంతులు గారి చెవి దగ్గరికి వంగాడు. ఏమన్నాడో వినపడలేదు గానీ చివర్న ఆ మాట వినిపించింది, సెంటిమెంట్ అని. పంతులు గారు చెంబులో పసుపు కలిపి, మామిడి రెమ్మ ముంచి, కమాను కింద నేల మీద చల్లారు. ఉత్తినే చల్లలేదు. స్కూటీ చక్రం పోయిన గీత వెంబడే, ఆవిడ చెప్పులు పడ్డ చోటల్లా, వెతికి వెతికి చల్లారు. నాయకుడి భార్య చీర తడవకుండా వెనక్కి జరిగింది.

“ఇక కానివ్వండమ్మా” అన్నాడు అధ్యక్షుడు.

అమ్మ చేతిలో కత్తెర ఉంది. ఆమె రిబ్బను వైపు చూడడం లేదు. నేల మీద పసుపు మరకల్ని చూస్తోంది.

“ఎందుకండీ ఆ నీళ్ళు?” అంది.

“ఏం లేదమ్మా. ఊరికే, శుద్ధి.”

“ఏం అంటుకుందని?”

అధ్యక్షుడు నాయకుడి వైపు చూశాడు. నాయకుడు పంతులు గారి వైపు చూశాడు. పంతులు గారు చెంబులోకి చూసుకున్నారు. స్పీకర్లలో పాట నడుస్తూనే ఉంది. ఎవడో కుర్రవాడు దాన్ని ఆపేశాడు.

అమ్మ కత్తెరను పళ్ళెంలో పెట్టింది. పళ్ళెం తీసుకెళ్ళి నాయకుడి భార్య చేతికిచ్చింది. నా జన్మలో అమ్మ పదిమందిలో గొంతెత్తి మాట్లాడడం చూడలేదు. అప్పుడు కూడా ఎత్తలేదు, పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“నా కోడలు నడిచిన నేల మైలపడిందంటే, పైన మీరు రాసిన పేరు కూడా మైలదే. దాని మొగుడి పేరేగా అది. నేల తర్వాత కడుగుదురు గాని, ముందు నిచ్చెన తెప్పించి ఆ పేరు కడిగించండి.”

అధ్యక్షుడు “అయ్యో అమ్మగారూ” అంటూ ముందుకొచ్చాడు. అమ్మ ఆగలేదు. రిబ్బను పైకెత్తి, మోకాళ్ళ నొప్పులతో అతి కష్టం మీద వంగి అవతలికి వెళ్ళింది. ఆ వెనక నాన్న, నాన్న వెనక నేను. అమ్మ పసుపు నీళ్ళను తప్పుకోలేదు. పట్టుచీర అంచు వాటి మీద ఈడుస్తూ ఇంటి దాకా నడిచింది.

నిచ్చెన ఎవరూ తేలేదు. పేరు అలాగే ఉంది. అమ్మ ఇప్పటికీ ఆ కమాను కింద నుంచి వెళ్ళదు, నాలా గట్టు మీద నుంచే, మా మరదలి చెయ్యి పట్టుకుని వెళ్తుంది.